నాలుగు వందల పన్నెండు ఫంక్షన్లూ, ఒక బిందుమాధవీ

బిందుమాధవికి సి భాష ఎవరూ నేర్పలేదు. టైపు కొట్టగా కొట్టగా వంటబట్టింది.

అనకాపల్లిలో కాలేజీ బస్సులు ఆగే చోట ఒక జిరాక్స్ షాపు ఉండేది. అందులో ఆవిడ పదకొండేళ్లు డీటీపీ ఆపరేటరుగా పనిచేసింది. చదివింది బి.కాం., అదీ పెళ్లయ్యాక ప్రైవేటుగా. ఇంజినీరింగు చదివే కుర్రాళ్లు ప్రాజెక్టు రికార్డులు పట్టుకొచ్చి, రేపే ఆఖరి రోజు అక్కా అని బతిమాలేవారు. ఆ కాగితాల్లోని ప్రోగ్రాములు ఒకడి దగ్గర ఇంకొకడు, వాడి దగ్గర మరొకడు ఎక్కించుకున్నవి. మూడో చెయ్యి మారేసరికి బ్రాకెట్లు రాలిపోయేవి, సెమీకోలన్లు మాయమయ్యేవి. టైపు చెయ్యమన్నారు గానీ తప్పులు దిద్దమని ఆవిడను ఎవరూ అడగలేదు. అయినా చూస్తూ ఊరుకోవడం ఆవిడకు చేతకాలేదు. తెరిచిన బ్రాకెట్టు ఎక్కడ మూయాలో వెతుకుతూ వెతుకుతూ, అసలు ఈ ప్రోగ్రాము ఏం చెయ్యబోతోందో కూడా తెలుసుకోవడం మొదలుపెట్టింది. నాలుగో ఏడు వచ్చేసరికి, ఇది నడవదు బాబూ, ఈ లూపు ఎప్పటికీ ఆగదు అని ఇంజినీర్లు కాబోయేవాళ్లకే చెప్పి వెనక్కి పంపేది.

ఆవిడ స్వభావమే అంత. ఒకే పుస్తకంలో ఒక పేజీలో పటం అనీ, ఇంకో పేజీలో బొమ్మ అనీ ఉంటే ఆ పూట అన్నం సయించేది కాదు. కాలేజీలవాళ్లు రికార్డులన్నీ ఆన్‌లైన్‌లో తీసుకోవడం మొదలుపెట్టాక షాపు మూతపడింది. షాపు యజమానికి బేరం పోయిందని దిగులు. బిందుమాధవికి మాత్రం ఇక ఆ కుర్రాళ్ల బ్రాకెట్లు ఎవరు మూస్తారని దిగులు. భర్త నానాజీకి చోడవరం రూట్లో ఆటో ఉంది, ఇల్లు గడిచిపోతుంది. కానీ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. సరిగ్గా అప్పుడే ఫణీంద్ర కబురు పంపాడు.

ఫణీంద్రది మూడు తరాల బెల్లం వ్యాపారం. ఇతనికి మాత్రం బెల్లం కంటే దాన్ని తూచే కాటా మీద మోజు. పాలిటెక్నిక్‌లో తనకు పాఠం చెప్పిన వెంకటరమణమూర్తి మాస్టారు రిటైరవగానే ఆయన్ను పట్టుకుని, మార్కెట్ యార్డు వెనక ఒక హాలు తీసుకుని, ఎలక్ట్రానిక్ కాటాలు చెయ్యడం మొదలుపెట్టాడు. కాటా లోపల పనిచేసే ప్రోగ్రాముల కట్టను వాళ్లు లైబ్రరీ అనేవారు. అందులో ఒక్కో పనికి రాసిన చిన్న ప్రోగ్రాము ఒక్కో ఫంక్షన్. తూకం చదవడానికి ఒకటి, పళ్లెం బరువు మినహాయించడానికి ఒకటి, చీటీ అచ్చువెయ్యడానికి ఇంకొకటి, అలా నాలుగు వందల పన్నెండు ఉండేవి. బయటి కంపెనీలవాళ్లు వాటిని తీసుకుని తమ యంత్రాల్లో పెట్టుకునేవారు. ప్రతి ఫంక్షన్ నెత్తిమీదా నాలుగైదు వరుసల కామెంట్ ఉంటుంది. ఇది ఏం చేస్తుంది, దీనికి ఏం ఇవ్వాలి, తిరిగి ఏం ఇస్తుంది అన్నది అందులో ఉండాలి. యంత్రం ఆ వరుసల్ని చదవదు, దాటుకుని పోతుంది. అవి మనుషుల కోసం. ఆ కామెంట్లన్నీ ఏరి ఒకచోట పేరిస్తే మాన్యువల్ అవుతుంది. ఆ మాన్యువల్‌ను పుస్తకంలా పొందిగ్గా తయారుచెయ్యడానికే బిందుమాధవిని పిలిచారు.

చేరిన ఐదో నెలలో మాడుగుల నుంచి ఫోను వచ్చింది.

అక్కడొక హల్వా దుకాణంవాళ్లు పావుకిలో డబ్బాలు నింపే యంత్రం కొత్తగా పెట్టించుకున్నారు. యంత్రంలో ఉన్నది ఫణీంద్ర కాటా. యంత్రం చేసిన కుర్రాడు మాన్యువల్ తిరగేసి, ఎంత నింపాలో గ్రాముల్లో ఇవ్వాలని ఉంటే, రెండు వందల యాభై అని ఇచ్చాడు. ఆ ఫంక్షన్ దాన్ని కిలోలుగా తీసుకుంది. పావుకిలో డబ్బాలో రెండు వందల యాభై కిలోల హల్వా పడేదాకా ఆగేది లేదని యంత్రం భీష్మించుకుంది. డబ్బా నిండింది, బల్ల నిండింది, నెయ్యి కారుతూ హల్వా నేలమీదికి దిగింది. స్విచ్చి ఎక్కడుందో వెతికి ఆపేసరికి దుకాణంలో మనుషులు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారట.

ఇది విని నవ్వుకోవడానికి మనకు బాగానే ఉంది. ఫణీంద్ర మాత్రం నవ్వలేదు. హాలు మధ్యకు వచ్చి, మాన్యువల్ టైపు చేసింది ఎవరు అని అడిగాడు. టైపు చేసింది ఎవరో అతనికి తెలీక కాదు. అందరూ తలలు తిప్పి బిందుమాధవి వైపు చూశారు. పదకొండేళ్లు ఊళ్లో కుర్రాళ్లందరి తప్పులూ దిద్దిన మనిషికి, చెయ్యని తప్పు నెత్తిన పడింది. ఆవిడకు ఏడుపు వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది. కోపమే గెలిచింది. తన కుర్చీ దగ్గరికి పోయి, ఆ ఫంక్షన్ కోడ్ తెరిచింది. కామెంట్‌లో గ్రాములు అనే ఉంది. దాని కిందనే, వచ్చినదాన్ని వెయ్యితో గుణించే వరుస ఉంది. అంటే కోడ్ అడిగేది కిలోలు. ఆ పేజీ అచ్చు తీసి, రెండు వరుసల కిందా ఎర్ర గీతలు గీసి, తీసుకెళ్లి ఫణీంద్ర బల్ల మీద పెట్టింది.

అతను చూశాడు. గతుక్కుమన్నాడు గానీ తేలిగ్గా తీసేశాడు.

"అది కిలోలని మన ఆఫీసులో అందరికీ తెలిసిందే కదమ్మా" అన్నాడు.

ఆ కంపెనీకి పట్టిన జబ్బు సరిగ్గా ఇదే. ఆరుగురూ ఒకే హాల్లో కూర్చుంటారు. పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి రోడ్డు దాటి టీ కొట్టు దగ్గర నిలబడతారు. ఎవరు ఏం మార్చినా అక్కడ చెప్పేస్తారు. అక్కడ చెప్పాక మళ్లీ కామెంట్‌లో రాయడం ఎందుకు? రాంబిల్లి నుంచి వచ్చే ధనరాజ్ ఉన్నాడు. కోడ్ రాయడంలో దిట్ట, సముద్రం మీద చేపల వేటకు పోయే ఇంటి పిల్లాడు. చేపల బుట్టను కాటా మీద పెడితే మంచునీళ్లు కారుతూ తూకం తగ్గుతూనే ఉంటుందని అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. అందుకని తూకం నిలకడ పడేదాకా ఆగే సమయాన్ని రెండు సెకన్ల నుంచి ఐదుకు పెంచాడు. మంచి పనే చేశాడు. టీ దగ్గర చెప్పాడు కూడా. కామెంట్‌లో మాత్రం రెండు సెకన్లే ఉండిపోయింది. ఆ మాన్యువల్ చూసి పనిచేసుకునే ఏ కోయంబత్తూరు కంపెనీవాడో మన టీ కొట్టు దగ్గరికి రాడు కదా.

ఆ వారంలో బిందుమాధవి లైబ్రరీ మొత్తం చదివింది. చదివినకొద్దీ తల తిరిగింది. ఏడేళ్లలో ఐదుగురు రాసిన కామెంట్లు అవి. మాస్టారివి పాఠ్యపుస్తకంలా నిండుగా ఉన్నాయి. తర్వాత వచ్చినవాళ్లవి తంతి వార్తల్లా ఉన్నాయి. ధనరాజ్ అయితే తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పారేశాడు. పని జరిగితే సున్నా వస్తుందని కొన్నిచోట్ల, ఒకటి వస్తుందని కొన్నిచోట్ల. చీటీ అచ్చువేసే ఫంక్షన్ మీద బ్యాటరీ ఫంక్షన్ కామెంట్ కూర్చుని ఉంది, పాతది కాపీ చేసినవాడు దాన్ని మార్చడం మరిచిపోయాడు. అన్నిటికంటే ఆవిడను భయపెట్టింది ఇంకొకటి. చీటీ తయారుచెయ్యడానికి లైబ్రరీ మెమరీలో కొంత జాగా తీసుకుంటుంది. పని అయ్యాక దాన్ని ఎవరు వదిలిపెట్టాలి, లైబ్రరీయా, ఆ ఫంక్షన్‌ను పిలిచి పని చేయించుకున్నవాడా? ఎక్కడా రాసి లేదు. ఇద్దరూ వదిలితే కాటా ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎవరూ వదలకపోతే నాలుగు రోజులకు జాగా నిండి ఆగిపోతుంది.

మొత్తం సరిచెయ్యడానికి మూడు నెలలు కావాలని అడిగితే, ఫణీంద్ర పెదవి విరిచాడు. యంత్రం చదవనిదానికి అంత హడావిడి ఎందుకన్నాడు. మాడుగుల పేజీ ఒక్కటీ దిద్ది ఊరుకోమన్నాడు.

ఆవిడ ఊరుకునేదే. కానీ పుణె నుంచి ఉత్తరం వచ్చింది. దేశమంతా పాల సేకరణ కేంద్రాలకు యంత్రాలు అమ్మే పెద్ద కంపెనీ అది. ఈ లైబ్రరీని తమ కాటాలన్నిటిలో పెట్టుకోవాలని చూస్తున్నామనీ, మూడున్నర నెలల్లో తమ ఇంజినీరు వచ్చి పరీక్షిస్తుందనీ రాశారు. కింద ఒక వాక్యం ఉంది. కోడ్‌తో పాటు కామెంట్లను కూడా పరీక్షిస్తారు, రెండింటికీ పొత్తు కుదరకపోతే తీసుకోరు.

ఫణీంద్ర ఆ ఉత్తరం రెండుసార్లు చదివి అందరినీ కూర్చోబెట్టాడు. దాచకుండా చెప్పాడు. ఇది వస్తే లైబ్రరీ నిలబడుతుంది. రాకపోతే దీన్ని మూసేసి, పాత కాటాలు రిపేరు చేసుకోవడమే. రిపేరు షాపులో మాన్యువల్‌తో పనేముంది? ఆ మాట అతను అనలేదు, అనక్కర్లేదు. బిందుమాధవికి అర్థమైంది. ఒకసారి ఒక షాపు ఆవిడ కళ్లముందే మూతపడింది. ఇప్పుడు తనకు నచ్చిన పని, జీవితంలో మొదటిసారి తన బుద్ధికి సరిపోయిన పని, చేతిలోకి వస్తూ వస్తూ జారిపోయేలా ఉంది. ఆ మూడు నెలలూ ఇప్పుడు ఇవ్వండని మళ్లీ అడిగింది. ఈసారి ఫణీంద్ర ఇచ్చాడు.

ముందు ఒక కాగితం మీద పద్ధతి రాసింది. మొదటి వరుసలో ఫంక్షన్ చేసే పని, ఒకే వాక్యంలో. ఇచ్చే ప్రతిదానికీ కొలత, గ్రాములో సెకన్లో కచ్చితంగా. పని చెడితే ఏం వస్తుందో. జాగా ఎవరు వదలాలో. ఒక వస్తువుకు లైబ్రరీ అంతటా ఒకటే పేరు. దీన్ని అచ్చు తీసి హాలు గోడకు అంటించింది. కోడ్ మార్చినవాళ్లు అదే చేత్తో కామెంట్ కూడా మార్చాలి, లేకపోతే ఆ మార్పును లోపలికి రానివ్వనని కింద రాసింది. టైపిస్టు చట్టాలు చేస్తోందని వెనకాల నవ్వుకున్నారు. 

రెండు వారాలు గడిచేసరికి కొత్త చిక్కు వచ్చిపడింది. కామెంట్ సరిగా ఉందో లేదో చూడమని, ఆ ఫంక్షన్ రాసినవాళ్లకే ఇచ్చేది. అందరూ అంతా బాగుందనే చెప్పేవారు. ఆవిడ తను చూసినా అంతే, కోడ్ చదివాక కామెంట్ చదివితే అంతా ఉన్నట్టే ఉండేది. బాగున్నాయన్నవాటిలోనే రోజుకో తప్పు బయటపడేది.

ఆ ఆదివారం ఎస్. రాయవరం దగ్గర పుట్టింటికి వెళ్లింది. తండ్రి కన్నబాబు ఎకరన్నర చెరుకు రైతు. క్రషర్ ఆడే రోజుల్లో పెనం ముందు నిలబడి బెల్లం వండేది కూడా ఆయనే. ఆ రోజు వంట సాగుతోంది. బిందుమాధవి గట్టున కూర్చుని, ఆయనకు అర్థమవుతుందో లేదో చూసుకోకుండా, తన గోడు మొత్తం వెళ్లబోసుకుంది. ఆయన ఊఁ కొడుతూనే పెనం కలుపుతున్నాడు. పాకం ముదిరిన వాసన వచ్చింది. ఆయన గరిటె పక్కన పెట్టి, అవతలి క్రషర్ దగ్గరున్న చంద్రమౌళిని కేకేశాడు. చంద్రమౌళి వచ్చి, చుక్క పాకం నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి చూసి, ఇంకా రెండు పొంగులు రానీ అని చెప్పి వెళ్లిపోయాడు. వాళ్ల క్రషర్ దగ్గర మొదటినుంచీ అదే ఆనవాయితీ. చిన్నప్పటినుంచి చూస్తున్నదే గానీ ఎందుకని ఆవిడ ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడిగింది.

"ఎవుడు వండేడో ఆడు పాకం సూడకూడదమ్మా" అన్నాడు కన్నబాబు. "పొద్దుట్నించీ పెనం ముందర నిలబడ్డోడికి అయిపోయినట్టే కనబడతాది."

బిందుమాధవి మధ్యాహ్నం భోజనానికి కూడా ఆగలేదు. తల్లి బుల్లమ్మ తిట్టుకుంటూ క్యారేజీ కట్టిచ్చింది.

సోమవారం నుంచి పని తీరు మారిపోయింది. కోడ్ ఫైలు మూసేసేది. కామెంట్ ఒక్కటి అచ్చు తీసి ముందు పెట్టుకునేది. ఆ కామెంట్ తప్ప లోకంలో తనకేమీ తెలీదనుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు నమ్మి, ఆ ఫంక్షన్‌ను పిలిచే చిన్న ప్రోగ్రాము రాసేది. కామెంట్ చెప్పినట్టు జరిగితే పచ్చ టిక్కు, జరగకపోతే ఎర్ర సున్నా. తనకు బాగా తెలిసిపోయిన ఫంక్షన్లను, వాటి మొహం చూడనివాళ్లకు ఇచ్చి రాయించేది. మొదటి వారంలో నలభై ఫంక్షన్లు పరీక్షిస్తే పందొమ్మిదింటికి ఎర్ర సున్నాలు పడ్డాయి. హాల్లో నవ్వులు ఆగిపోయాయి.

ధనరాజ్ మొదట కస్సుమన్నాడు. తను రాసినదాన్ని ఎవరో పరీక్షించడం ఏమిటని రెండు రోజులు మొహం ముడుచుకున్నాడు. మూడో రోజు ఆవిడ ఒక కామెంట్ అచ్చు తీసి అతని చేతికిచ్చి, దీన్ని పిలిచి చూపించమంది. అతను అరగంట గింజుకున్నాడు. తర్వాత కోడ్ తెరిచి చూసుకుని, కుర్చీ తిప్పుకుని వచ్చాడు.

"అక్కా, ఇది నేను రాసిందే. ఏటి రాసేనో నాకే తెలడం నేదు" అన్నాడు.

అప్పటినుంచి అతనే ఆవిడకు కుడిభుజం. రాంబిల్లి బస్సు తప్పిపోతున్నా, ఇంకొక్కటి చూసి పోతానక్కా అనేవాడు.

కామెంటూ కోడూ చెరోమాట చెప్పినప్పుడు ఏది నిజం? దీనికి మాత్రం సులువు దారి లేదు. కోడ్‌కి తగ్గట్టు కామెంట్ మార్చేస్తే ఎర్ర సున్నా పచ్చ టిక్కు అయిపోతుంది. కానీ కోడే తప్పయితే? అలాంటివి ముప్పై దాకా తేలాయి. వాటిని నోటుబుక్కులో రాసుకుని, సాయంత్రాలు గవరపాలెంలో వెంకటరమణమూర్తి మాస్టారి ఇంటికి వెళ్లేది. ఆయనకు మోకాళ్ల నొప్పులు, ఆఫీసుకు రావడం మానేశారు. అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకుని, పాల క్యాను పెట్టినప్పుడు ఏం కావాలి, తీసేసినప్పుడు ఏం కావాలి అని ఒక్కొక్కటే గుర్తు చేసుకుని చెప్పేవారు. ఇంతకాలానికి నన్ను ఇవి అడిగినదానివి నువ్వే అన్నారు ఒకరోజు. ఆ రాత్రి నానాజీకి ఆ మాట మూడుసార్లు చెప్పింది.

మూడు నెలలు నిండేసరికి నాలుగు వందల పన్నెండు ఫంక్షన్లకూ నాలుగు వందల పన్నెండు చిన్న ప్రోగ్రాములు తయారయ్యాయి. ధనరాజ్ వాటన్నిటినీ ఒక్క మీటతో నడిచేలా కట్టాడు. రోజూ సాయంత్రం ఆరింటికి అవి వరుసగా నడిచేవి. పుణె ఇంజినీరు వచ్చే ముందురోజు సాయంత్రం తెరమీద ఒక్క ఎర్ర సున్నా లేదు. బిందుమాధవి ఆ తెరను చూస్తూ కాసేపు అలాగే కూర్చుంది. తన చేతిమీదుగా ఇంత పెద్ద పని జరిగిందంటే తనకే నమ్మకం కలగలేదు. 

పుణె నుంచి వచ్చినావిడ పేరు సుచిత్ర. గుంటూరు వైపు మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి. టీ వద్దు, ముందు పని అంది. మాన్యువల్‌ను పేకముక్కల్లా మధ్యలో విడదీసి, ఎక్కడ తెరుచుకుంటే ఆ పేజీ మీద వేలు పెట్టేది. ఇరవై ఫంక్షన్లు చూస్తానంది. కోడ్ చూడదట, కామెంట్ చదివి తన ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాము రాసి, బల్ల మీదున్న కాటాతో పరీక్షిస్తుందట. ఆ పద్ధతిని చూస్తే బిందుమాధవికి తెలిసిన చుట్టం గడపలో కనబడినట్టనిపించింది.

ఒకటి సరిపోయింది. ఐదు సరిపోయాయి. పన్నెండో దాని దగ్గర సుచిత్ర తల ఊపింది. పందొమ్మిది అయ్యేసరికి ఫణీంద్ర మొహం వెలిగిపోతోంది, భోజనానికి ఎక్కడికి తీసుకెళ్లాలో పక్కవాడితో గుసగుసలాడుతున్నాడు.

ఇరవైయ్యోది పళ్లెం బరువు మినహాయించే ఫంక్షన్. కాటా మీద ఏమీ లేనప్పుడు దీన్ని పిలిస్తే, పని జరగలేదనడానికి గుర్తుగా మైనస్ రెండు వస్తుందనీ, ముందు దాచిన పళ్లెం బరువు చెక్కుచెదరదనీ కామెంట్‌లో ఉంది. సుచిత్ర కాటా ఖాళీ చేసి పిలిచింది. మైనస్ రెండు రాలేదు, సున్నా వచ్చింది. దాచిన బరువు చెరిగిపోయింది. ఇంకోసారి చేసింది. అదే.

 ఫణీంద్ర ముందుగా తేరుకున్నాడు. నవ్వు తెచ్చిపెట్టుకుని, అది కామెంట్‌లో దొర్లిన పొరపాటనీ, టైపింగులో ఎక్కడో జారి ఉంటుందనీ, ఐదు నిమిషాల్లో మార్పించేస్తాననీ చెప్పాడు. బిందుమాధవి వైపు తిరిగి, మార్చమ్మా అన్నాడు.

మాడుగుల నాడు ఎలా చూశారో అందరూ మళ్లీ అలాగే చూశారు. మార్చడానికి ఆవిడకు ఒక్క నిమిషం చాలు. మారిస్తే ఇరవైకి ఇరవై అవుతుంది, పుణె పని వచ్చేస్తుంది, తన ఉద్యోగం నిలబడుతుంది. మార్చనంటే ఏమవుతుందో తెలీదు.  కానీ ఆ కామెంట్‌లో ప్రతి మాటా మాస్టారి అరుగు మీద కూర్చుని రాసుకున్నది. దాన్ని చెరపడానికి చెయ్యి రాలేదు.

"కామెంట్ తప్పు కాదండి, మేడమ్. కోడ్ తప్పు" అంది.

ఫణీంద్ర ఏదో అనబోతే సుచిత్ర చేత్తో ఆపింది.

"రెండింటికీ తేడా వస్తే అందరూ కామెంట్‌నే మార్చేస్తారు. కోడ్ తప్పని మీరు ఎలా అంటున్నారు?"

"కోడ్ ఏటి సేత్తందో కోడ్‌ని సూత్తే తెలుత్తాదండి. ఏటి సెయ్యాలో మాత్రం ఇక్కడ తప్ప ఇంకెక్కడా రాసి నేదు" అంది బిందుమాధవి. కాటా ఖాళీగా ఉన్నప్పుడు ఎవరి చెయ్యో పొరపాటున తగిలి మీట నొక్కుకుపోతే, దాచుకున్న క్యాను బరువు చెరిగిపోతుందనీ, తర్వాత పోసేవాళ్ల పాలలో క్యాను బరువు కూడా కలిసిపోతుందనీ, అలా జరగకూడదనే మాస్టారు దీన్ని ఇలా పెట్టారనీ చెప్పింది. ఆ పైన, నిన్న సాయంత్రం ఆరింటికి ఇది సరిగానే పనిచేసిందని ముందురోజు జాబితా తెరమీద పెట్టింది. నాలుగు వందల పన్నెండు పచ్చ టిక్కులు.

అయితే ఆరింటి తర్వాత ఎవరో మార్చి ఉండాలి. మార్పుల చిట్టా ధనరాజ్ తెరిచాడు. ఒకటే ఉంది. ఆ రోజు పొద్దున్న ఎనిమిది నలభైకి. ఎదురుగా పేరు ఫణీంద్ర.

అసలు సంగతి ఏమిటంటే, పళ్లెం తీసేశాక, దాచిన బరువు మేరకు కాటా అద్దం మీద మైనస్ అంకెలు కనబడతాయి, సుచిత్ర వచ్చేసరికి అవి పోయి మీట నొక్కగానే ముచ్చటగా సున్నా కనబడాలని అతనికి బుద్ధి పుట్టింది. పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు, రెండు వరుసలు మార్చాడు. చిన్న మార్పే కదా అని కామెంట్ ముట్టుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. గోడమీది కాగితం అందరికీ అని ఒప్పుకున్నవాడే, ఆ అందరిలో తనను లెక్కేసుకోలేదు.

యజమాని కాబట్టి నీళ్లు నమిలి తప్పించుకోవచ్చు. ఫణీంద్రకు ఎన్ని లోపాలున్నా అబద్ధమాడే మనిషి కాదు. తలొంచుకుని, నేనే మార్చేను మేడమ్, ఆవిడ చెప్పిందే నిజం అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

 సుచిత్ర తన ల్యాప్‌టాప్‌లో ఏదో రాసుకుంది. ఆ పాత రెండు వరుసలూ వెనక్కి పెట్టించి, మళ్లీ పిలిచి చూసింది. మైనస్ రెండు వచ్చింది. అప్పుడు లేచి బిందుమాధవి బల్ల దగ్గరికి నడిచింది.

"తొమ్మిదేళ్లుగా ఇలాంటి లైబ్రరీలు చూస్తున్నాను. కోడ్ తప్పును పట్టిచ్చిన కామెంట్‌ను చూడటం ఇదే మొదటిసారి" అంది. ఏం చదివారని అడిగింది. బి.కాం. అని చెబితే, ఆశ్చర్యపోయినట్టు కనిపించకూడదని చాలా కష్టపడింది గానీ దాచలేకపోయింది. తర్వాత తనే టీ అడిగింది. అందరూ రోడ్డు దాటి టీ కొట్టు దగ్గర నిలబడ్డారు. ధనరాజ్ సుచిత్రకు చేపల బుట్ట కథంతా చెప్పి, ఆ ఐదు సెకన్లు ఇప్పుడు కామెంట్‌లో ఉన్నాయని చూపించాడు.

పది రోజులకు పుణె నుంచి జవాబు వచ్చింది. లైబ్రరీ తీసుకుంటున్నారు. దేశంలో పాలు పోసే కేంద్రాలన్నిటికీ వెళ్లే వాళ్ల కాటాల్లో ఇక అనకాపల్లి ఫంక్షన్లు పనిచేస్తాయి. ఒక షరతు పెట్టారు. ఇకమీదట బిందుమాధవి గారు చదివి ఒప్పుకుంటే తప్ప ఏ మార్పూ లైబ్రరీలోకి వెళ్లకూడదు, అది ఎవరి మార్పయినా సరే. ఫణీంద్ర ఆ ఉత్తరాన్ని హాల్లో అందరి ముందూ పైకి చదివాడు. షరతు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గలేదు, ఇంకాస్త పెంచి చదివాడు. ధనరాజ్ చప్పట్లు కొట్టాడు. బిందుమాధవి నవ్వు దాచుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకోలేదు, నవ్వింది.

ఆ సాయంత్రం ఆవిడ బల్ల మీదికి మొదటి మార్పు వచ్చింది. పంపింది ఫణీంద్రే. కాటా ఖాళీగా ఉన్నా అద్దం మీద అంకె ముచ్చటగా కనబడే ఏర్పాటు, ఈసారి దాచిన బరువును ముట్టుకోకుండా, కామెంట్‌తో సహా. ఆవిడ చదివి వెనక్కి పంపింది. కాటా మీద సగం పెట్టిన పళ్లెం కదులుతుంటే ఏమవుతుందో రాయలేదని కింద రాసింది. అరగంట తర్వాత అది మళ్లీ వచ్చింది. దాని వెనకే అతనూ వచ్చాడు. ఏదైనా కావాలంటే తన బల్ల దగ్గరికి కేకేసి పిలవడమే ఇన్నాళ్లూ అలవాటు. ఇవాళ నడిచి వచ్చి ఆవిడ బల్ల ముందు నిలబడ్డాడు.

"బిందుమాధవి గారూ, ఇప్పుడు సరిపోయిందాండి?" అన్నాడు.

"కూకోండి సార్. సదివి సెప్తాను" అంది.

ఫణీంద్ర స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ కోడ్ మూసేసి, కామెంట్ అచ్చు తీసుకుని, మొదటి వరుస నుంచి తాపీగా చదవడం మొదలుపెట్టింది.